కుర్చీలకు దొరికిన వ్యాను

కోర్టు మెట్లెక్కేసరికే అత్తగారికి ఒళ్లు మండిపోయింది. హాలు గుమ్మానికి 'పోలీసు, జైలు, కోర్టు సమన్వయ సమావేశం' అని బ్యానరు. దాని పక్కన చాక్‌పీసుతో 'ఈరోజు కేసులన్నీ వాయిదా'.

ఆవిడ అల్లుడు స్కూటర్ల మెకానిక్కు. బాగుచేసిన బండి బ్రేకులు చూద్దామని వీధి చివరిదాకా వెళ్లాడు, అంతే. దొంగ బండని పోలీసులు పట్టుకున్నారు. "బండి నాదే, నేనే ఇచ్చాను మొర్రో" అని దాని సొంతదారు వచ్చి మొత్తుకున్నా విన్నదెవరు? బెయిలు రావాలంటే అల్లుడు జడ్జి ఎదుట నిలబడాలి. తీసుకు రమ్మంటే జైలువాళ్లు వ్యాను లేదంటారు. ఇంట్లో కూతురికా నెలలు నిండాయి. "ఆయనొస్తేనే ఆస్పత్రికి" అని మంకుపట్టు పట్టుకుని కూర్చుంది.

"ఇవాళ కేసుల్లేవమ్మా, వెళ్లండి" అన్నాడు బంట్రోతు.

"వెళ్లి మా అమ్మాయికేం చెప్పను నాయనా? నొప్పులు కూడా వాయిదా వేసుకోమననా?"

బంట్రోతు పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ వెళ్లి వెనక వరసలో కూర్చుంది.

లోపల ఎవరికి వారే యమునా తీరే.

"ఖైదీలను వేళకు తేవాలనే ఉంది. పోలీసులు కాపలా ఇవ్వరు" అన్నాడు జైలు అధికారి.

"ముందుగా కబురు పెడితే కదా ఇచ్చేది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కోర్టువాళ్లు మాకు చెబితే కదా మీకు పెట్టేది!"

జడ్జిగారు తల పట్టుకున్నారు. ఇంతలో పక్క తలుపు తోసుకుని ఓ కుర్చీల దొంతర లోపలికి నడిచొచ్చింది. దాని కింద అల్లుడు, వెనక కానిస్టేబులు.

"ఓరి నాయనో! నువ్విక్కడికెలా వచ్చావు బాబూ?" అంటూ లేచింది అత్తగారు.

"జైలు వ్యానులో అత్తయ్యా. మీటింగుకి కుర్చీలు చాల్లేదట. మొయ్యడానికి నన్నూ ఎక్కించారు."

జైలు అధికారి గబగబా ముందున్న కాగితాలు తిరగెయ్యసాగాడు. అత్తగారు ఊరుకుంటుందా?

"అయ్యా జడ్జిగారూ, మనిషికి దొరకని వ్యాను కుర్చీలకు దొరికింది! పోనీలెండి. మీరున్నారు, పోలీసులున్నారు, జైలువాళ్లున్నారు, కుర్చీల కింద మా అల్లుడూ ఉన్నాడు. ఇంకా ఎవరు రావాలండీ?"

జడ్జిగారు నవ్వాపుకుంటూ కేసు కాగితాలు తెప్పించారు. "మీకేమైనా అభ్యంతరమా?" అని ఇన్‌స్పెక్టరును అడిగారు. అతను నేలచూపులు చూస్తూ లేదన్నాడు.

"సొంత పూచీ మీద బెయిలిస్తున్నాను. ముందా కుర్చీలు దించవయ్యా!"

అత్తగారికి కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకునేలోపే జైలు అధికారి గొణిగాడు. "విడుదల మాత్రం జైలు దగ్గరే చెయ్యాలండి. వెళ్లాలంటే వ్యాను..."

"కుర్చీలకు కావాలి, అంతేగా? మీకెందుకండీ శ్రమ!"

అల్లుణ్ణి, కానిస్టేబుల్ని, కోర్టు కాగితం చేతపట్టుకున్న జైలు అధికారిని ఆవిడే ఆటో ఎక్కించింది.

"కాస్త తొందరగా పోనివ్వు నాయనా" అంది డ్రైవరుతో. "అవతల మా అమ్మాయికి నెలలు నిండాయి. అల్లుణ్ణి జైల్లో దింపాలి."