అందరి కార్లలోనూ నేనే అరిగాను

నేను ఒక బ్రేక్ ప్యాడ్‌ని. మీ కారు ముందు చక్రాల లోపల నాలాంటివాళ్లు నలుగురుంటారు. మీరు పెడల్ తొక్కినప్పుడల్లా తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కిపట్టి బండిని ఆపేది మేమే. ఆపిన ప్రతిసారీ కాస్త అరుగుతాం. పూర్తిగా అరిగితే మా పని అయిపోయినట్టే లెక్క. నా విషయంలో మాత్రం అసలు ఉద్యోగం అరిగిపోయాకే మొదలైంది.

ఏదో ఫ్యాక్టరీలో ఇనుప రేకు మీద నల్లటి పొడి పోసి, కాల్చి, నొక్కి నన్ను తయారుచేశారు. విశాఖపట్నంలో ఒక ట్యాక్సీకి బిగించారు. దాని డ్రైవరుకి బ్రేకు తప్ప మరో ఉపాయం తెలియదు. గేదె కనబడినా బ్రేకే, పోలీసు కనబడినా బ్రేకే, ఫోన్లో వాళ్లావిడ పేరు కనబడినా బ్రేకే. రెండేళ్లలో నన్ను అప్పడంలా చేసేశాడు. అయినా అతని మీద నాకు కోపం లేదు. ఆ రెండేళ్లూ నేను నిజంగా పనిచేశాను.

నన్ను విప్పింది ఒక పెద్ద షోరూమ్ సర్వీస్ సెంటర్లో. తుక్కులోకి విసరబోతుంటే ఫణీంద్ర చెయ్యి అడ్డం పెట్టాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, ముఖాన చెరగని నవ్వు. సర్వీస్ అడ్వైజర్ అంటారు, అంటే మీ కారుకి లేని జబ్బును మీకు అర్థమయ్యేలా వివరించే మనిషి. నన్ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "భలే అరిగింది!" అని మురిసిపోయాడు. కడిగి, తుడిచి, తన టేబుల్ సొరుగులో పెట్టాడు. అందులో అప్పటికే మసిబారిన ఎయిర్ ఫిల్టర్ ఒకటి కాపురముంటోంది. తనకి మూడేళ్ల సర్వీసని గొప్పగా చెప్పుకుంది.

ఇక చూడండి నా వైభవం. కారు ఇచ్చినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని కాఫీ తాగుతుంటారు. ఎదురుగా పెద్ద అద్దం. అందులోంచి కారు కనిపిస్తుంది, దానికేం చేస్తున్నారో మాత్రం కనిపించదు. అప్పుడు ఫణీంద్ర నన్ను తెల్లగుడ్డ పరిచిన ట్రేలో పెట్టుకుని, ఆపరేషన్ థియేటర్లోంచి వచ్చిన డాక్టరులా మెల్లగా వస్తాడు. "సార్, ఇదీ మీ బ్రేక్ ప్యాడ్. ఈమాత్రం దూరం ఎలా వచ్చారో దేవుడికే తెలియాలి."

ఒక్క రోజులోనే నేను ఒక దంతవైద్యుడి కారులోనూ, ఒక కాంట్రాక్టరు కారులోనూ, కొని ఆరు నెలలైనా కాని కొత్త కారులోనూ అరిగిపోయాను. ఒక రైల్వే ఉద్యోగి నన్ను చేతిలోకి తీసుకుని, "మా పిల్లల్ని దీంతోనా తిప్పుతున్నాను!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన కారులోని అసలు ప్యాడ్లు ఇంకో ఏడాది సుఖంగా ఆడేవి. ఆ పూట నాకు నిజంగా సిగ్గేసింది. ఎవరైనా బయట చేయించుకుంటామని నసిగితే ఫణీంద్ర దగ్గర ఒక మంత్రం ఉండేది. "రోడ్డుపక్క షెడ్డుల్లో చేయిస్తే వారంటీ పోతుంది సార్. ఆపైన మీ ఇష్టం." ఆ మాట విన్నాక ఎవరికీ ఇష్టమంటూ మిగిలేది కాదు.

హైమవతిగారు అలా వచ్చినవారే. పాడేరు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. సోమవారం ఘాట్ రోడ్డు ఎక్కి, శనివారం దిగుతారు, ఒంటరిగా. పోయినేడు నన్ను ఆవిడకి చూపించి, బాగున్న ప్యాడ్లు పీకి, కొత్తవి వేశారు. ఆరువేల ఎనిమిది వందలు. ఏసీలో కొట్టిన పరిమళానికి వేరే.

మళ్లీ ఒక శనివారం, కొండ దిగి నేరుగా షోరూముకే వచ్చారు. చక్రం విప్పిన మెకానిక్ సింహాచలం పరుగున వచ్చి ఫణీంద్ర చెవిలో చెప్పాడు. "సార్, ఈవిడవి నిజంగానే అయిపోయాయి."

నిజంగానే అయిపోయినప్పుడు ఉన్నవే చూపించవచ్చు కదా. కానీ ఎన్నాళ్ల అలవాటో! ఫణీంద్ర చెయ్యి తనంతట తానే సొరుగులోకి వెళ్లింది. నన్నే ట్రేలో పెట్టుకుని వెళ్లాడు.

ఆకు అంచు చూసి చెట్టు పేరు చెప్పగల మనిషి ఆవిడ. నా మూలన పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి, "పోయినేడు కూడా నాదని చూపించింది దీన్నే కదయ్యా?" అన్నారు. ఆవిడ నన్ను సంచిలో పడేసుకుని, చక్రం బిగించమని, తాళాలు లాక్కుని కారెక్కారు.

అతను గేటుదాకా పరుగెత్తాడు. "మేడమ్, ఈసారి నిజం మేడమ్. సోమవారం ఘాట్ ఎక్కకండి, చాలా ప్రమాదం." ప్రమాదం, పిల్లలు, ప్రాణం అనే మాటలన్నీ అతను అప్పటికే అబద్ధానికి వాడేశాడు. నిజం చెప్పడానికి కొత్త మాట ఒక్కటీ మిగల్లేదు.

"నిన్నెవరు నమ్ముతారయ్యా?" అన్నారు ఆవిడ.

"నన్ను నమ్మొద్దు. మీకు నమ్మకమున్న మనిషి ఎవరుంటే వాళ్ల దగ్గరికే పోదాం. నేనూ వస్తాను."

నమ్మకమున్న మనిషి రెండు వీధుల అవతలే ఉన్నాడు. ఆవిడ స్కూటరు పదిహేనేళ్లు బాగుచేసిన సూర్యం. అతనిది రేకుల షెడ్డు, కార్లూ బాగుచేస్తాడు. కారు కొన్నాక వారంటీ భయంతో ఆవిడ ఆ గుమ్మం తొక్కలేదు. ఫణీంద్ర రోజుకి పదిసార్లు తిట్టే షెడ్డుల్లో అదొకటి. అతను తల వంచుకుని లోపలికొచ్చాడు.

సూర్యం చక్రం విప్పి ప్యాడ్ బయటికి తీశాడు. "ఏటమ్మా ఇది? కాయితంలాగైపోయింది! దీంతో ఘాట్ దిగొచ్చీసారేటి?" ఆవిడ సంచిలోంచి నన్ను తీసి పక్కన పెట్టారు. సూర్యం ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ కారుదానికన్నా ఇదే నయమండి." అంతమందిని భయపెట్టిన నేను ఆ పక్కన కొత్తదానిలా ఉన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. పక్కనున్న బల్ల మీద కూలబడ్డారు.

కొత్తవి రెండువేల రెండువందలు, కూలితో సహా. డబ్బా మీది పార్టు నంబరు ఫణీంద్ర రెండుసార్లు చదివాడు. షోరూములో వేసే సరుకే. కాఫీ, అద్దం, మెడలో కార్డు మాత్రం ఇందులో కలవలేదు.

"నువ్వు వెంటపడకపోతే సోమవారం వెళ్లిపోయేదాన్ని," అన్నారు హైమవతిగారు. "నీకు దణ్ణం పెట్టాలో రెండు తగిలించాలో తెలియడం లేదయ్యా." ఫణీంద్ర కళ్లు తుడుచుకున్నాడు. అతని ముఖాన నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. పాపం, మంచివాడే అనిపించింది.

ఆవిడ వెళ్లిపోయాక సూర్యం నన్ను తుక్కు డబ్బాలో పడేశాడు. ఇక్కడున్నవాళ్లంతా తమ సొంత బండిలోనే అరిగారు, నాకు హాయిగానే ఉంది. ఫణీంద్ర మాత్రం కదలకుండా నిలబడ్డాడు. "అది కావాలండి. సోమవారం చూపించడానికి అరిగిన ప్యాడ్ ఏదని మేనేజరు అడుగుతారు."

సూర్యం పకపకా నవ్వాడు. హైమవతిగారి కారులోంచి తీసినదాన్ని అతని ముందుకు చాపాడు. "మరి ఇదట్టుకెల్లు బాబూ. దానికన్నా ఇది బాగా అరిగింది."

ఎగతాళికే అన్నాడు. ఫణీంద్ర నవ్వలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత రుమాలు తీసి, జాగ్రత్తగా చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.