ఎడమచేతి వాటం

మధ్యాహ్నం చొక్కాకు కాజాలు కుడుతుంటే వెనక గోడ మీద ఏదో టప్పుమని తెగింది. చూస్తే మా ఆవిడ ఉకులేలే. నాలుగు తీగల్లో ఒకటి తెగి, పక్క మేకుకున్న పాత కొలతల టేపు మీద పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ పోయాక దాన్ని ముట్టుకునేవాళ్లే లేరు.

నా టైలరింగు షాపులో బేరాలు లేని మధ్యాహ్నాలు ఆవిడ నా మిషనుకు ఎదురుగా స్టూలు వేసుకుని వాయించేది. నేను దాన్ని చిన్న గిటారు అనేవాణ్ణి. "గిటారు కాదు మహానుభావా, ఉకులేలే!" అని కసురుకునేది. ఆ కసురు కోసమే అనేవాణ్ణి. ఇప్పుడు రోజంతా నా నోట వచ్చే మాటలు చెయ్యెత్తండి, అటు తిరగండి, బుధవారం రండి. ఇంటికి వెళ్తే అవీ ఉండవు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఒంటరితనం నన్ను నంజుకు తింటోంది.

తెగింది తెగినట్టు వదిలేయడానికి మనసొప్పలేదు. షట్టరు దించేసి, దాన్ని చంకన పెట్టుకుని వాద్యాల షాపుకు వెళ్లాను. కౌంటరు వెనక ఒకమ్మాయి కళ్లద్దాలు నెత్తి మీదకు తోసుకుని కూచుంది.

"చిన్న గిటారుకి తీగలు కావాలమ్మా," అన్నాను. అలవాటు చావదు కదా.

"అలా అడక్కండి బాబాయ్‌గారూ, ఎవరైనా ఇనప తీగలు చేతిలో పెడతారు. ఆ బిగువుకి తీగలు కట్టే ఈ బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది." మూడు ప్యాకెట్లు తీసి ముందు పెట్టింది. "ఇవి నైలాన్‌వి. మెత్తగా ఉంటాయి, వేళ్లు అంతగా నొప్పెట్టవు. ఇవి ఫ్లోరోకార్బన్, ఖంగుమంటాయి. ఈ మూడో ప్యాకెట్లో నాలుగో తీగ కాస్త లావు, మంద్రంగా పలుకుతుంది."

ఒక్కోటీ వేళ్ల మధ్య నలిపి చూశాను. దారమైతే కళ్లు మూసుకుని రకం చెప్పేస్తాను. ఇవి నా చేతికి అంతుపట్టలేదు.

"అన్నిట్లోకీ మంచివి ఇచ్చెయ్యమ్మా, పోనీ."

"ఎవరు వాయిస్తారో చెబితే కదా, ఏవి మంచివో చెప్పేది!"

"మా ఆవిడ," అన్నాను.

అమ్మాయి కళ్లద్దాలు దించుకుని ఉకులేలేని అటూ ఇటూ తిప్పింది. "ఇదేంటి, తీగలన్నీ తిరగేసి ఉన్నాయి? ఎవరండీ బాబూ ఇలా కట్టింది? ఉండండి, సరిచేసిస్తాను."

"ముట్టుకోకు!" గట్టిగానే అరిచాను. "తిరగెయ్యలేదు. ఆవిడది ఎడమచేతి వాటం. మా షాపులో ఆవిడకి కత్తెర కూడా వేరే."

"అయ్యో, సారీ బాబాయ్‌గారూ. అయితే ఒకసారి పిన్నిగారినే తీసుకురండి. చేతికి ఏవి నప్పుతాయో చూసి వేద్దాం."

"ఆవిడ లేదమ్మా."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అదృష్టం, ఓదార్పు మాటలేవీ మొదలుపెట్టలేదు. "ఆవిడకున్నట్టే కట్టమంటే కడతాను, గోడకి తగిలించుకోవచ్చు. మీరు వాయిస్తానంటే మాత్రం కుడిచేతికి మార్చాలి. ఎలా చెయ్యను?" అంది.

ఆవిడ చెప్పులు ఎవరికో ఇచ్చేశాను. మందులు పారేశాను. మిగిలింది ఇదొక్కటే. దీన్నీ నా కుడిచేతి వాటానికి మార్చేసుకుంటే ఇక ఆవిడదంటూ ఏముంటుంది? మార్చకపోతే, మిగతా తీగలు కూడా ఆ గోడ మీదే ఒక్కోటీ తెగుతాయి. ఆ చప్పుడు వినడానికి నేనొక్కణ్ణే ఉంటాను.

"కుడికే కట్టు," అన్నాను. "మెత్తవి వెయ్యి. నేర్చుకునేవాడి వేళ్లు."

కట్టాక ఒక్క పట్టు చూపించింది. ఉంగరం వేలితో అడుగు తీగని మూడో గడిలో నొక్కితే చాలట. విప్పేసిన పాత తీగలు అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాను.

షాపుకు తిరిగొచ్చి ఆవిడ స్టూలు మీద కూచున్నాను. ఎదురుగా కస్టమర్లు చొక్కాలు తొడిగి చూసుకునే నిలువుటద్దం. వేలు నొక్కి, కుడిచేత్తో మీటాను. కొత్త తీగలు కదా, శ్రుతి జారిపోతూ మూలిగాయి. ఇంకోసారి మీటి తలెత్తాను.

అద్దంలో ఎడమచేయి మీటుతోంది.

మిషను దగ్గర కూచుని ఇన్నేళ్లూ నేను చూసింది అదే. ఉకులేలే మెడ ఆ పక్కకే, మీటే చేయి ఈ పక్కకే. ముఖం వైపు చూడలేదు, అది నాదేనని తెలుసు. చేతుల్నే చూస్తూ మళ్లీ మీటాను.

"చిన్న గిటారు భలే పలుకుతోందే," అన్నాను పైకే.

ఎవరూ కసురుకోలేదు. కాసేపు చూసి, మళ్లీ మీటాను.