అమావాస్య నాడు నేను ‘సరే’ అన్నాను

నేను ఒక విండో ప్రొసీజర్‌ని. పేరు విని పెద్ద ఉద్యోగం అనుకోకండి. కంప్యూటర్ తెర మీద మీరు తెరిచే ప్రతి విండో వెనకా నాలాంటి గుమాస్తా ఒకడు కూర్చుని ఉంటాడు. మీరు మౌస్ కదిపితే నాకు ఒక చీటీ, మీట నొక్కితే ఒక చీటీ, విండోను పక్కకు జరిపితే ఇంకో చీటీ. వాటిని మెసేజ్‌లంటారు. అవి వరుసలో నిలబడి ఒక్కొక్కటే వస్తాయి. తెలిసిన వాటికి పని చేసి పెడతాను. తెలియని వాటిని విండోస్ అనే పై ఆఫీసుకు తోసేస్తాను. నిజం చెప్పాలంటే నూటికి తొంభై తోసేసేవే. ఇలాంటి గుమాస్తాలు మీలోనూ ఉన్నారని విన్నాను, కాకపోతే వాళ్ళకు పింఛను వస్తుందట.

నన్ను రాసింది అనంతపురంలో షాహీన్ అనే అమ్మాయి. రాసిందని గొప్పకు అంటున్నాను గానీ, కాపీ కొట్టింది. నా అసలు రూపం తాడిపత్రి రోడ్డు మీద ఒక లారీల కాటాలో ఉండేది. లారీ ఎక్కితే బరువు చూపించడం, దిగితే సున్నా చూపించడం, అంతే పని. కంప్యూటర్ ఆపే ముందు విండోస్ తెరిచి ఉన్న ప్రతి విండోనూ ‘ఆపేస్తున్నాను, ఏమైనా అభ్యంతరమా?’ అని అడుగుతుంది. ఆ మర్యాద దానికి ఉంది. కాటాలో దాచుకోవలసింది ఏమీ లేదు, పైగా యజమానికి సాయంత్రమైతే ఇంటికి పోయే తొందర. అందుకని షాహీన్ ఆ చీటీకి ఒకటే జవాబు రాసిపెట్టింది: సరే.

తర్వాత ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే కుళ్ళాయప్ప ఒక ప్రోగ్రాం కావాలన్నాడు. షాహీన్ నన్ను కాటా నుంచి ఎత్తుకొచ్చి గళ్ళు నింపడం నేర్పింది. ఒక గడి నింపితే మగ్గం మీద ఒక పోగు లేస్తుందని లెక్క. విండో మూలన గుర్తు నొక్కి మూస్తే ‘దాచమంటారా?’ అని అడగడం కూడా నేర్పింది. ఆ పాత ‘సరే’ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమె చూడలేదు. నేను చెప్పలేదు. అడిగితే తప్ప నోరు విప్పని జాతి మాది.

కుళ్ళాయప్పకు డెబ్బై దాటాయి. యాభై ఏళ్ళు గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసినవాడు, మౌస్‌ను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. నా దగ్గర మొదలుపెట్టిన మొదటి డిజైను వాళ్ళమ్మ నేసిన చీర కొంగు. అరవై ఏళ్ళ నాటి చీర అది, కొంగు తప్ప ఏమీ మిగల్లేదు. భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి, వరుస వరుసా గళ్ళలోకి ఎక్కించేవాడు. మడత విప్పిన చోటల్లా పట్టు పొడిగా రాలిపోయేది. ఒకసారి చూసిన వరుస మళ్ళీ చూడడానికి ఉండదు. అంటే ఆ కొంగు ఇక బతికేది నా దగ్గరే. ఎవరి దగ్గర దాచుకున్నాడో పాపం ఆయనకు తెలియదు.

పదకొండు రోజులు గడిచాయి. సాయంత్రం తెర ఒక్కటి ఆర్పి ఇంటికి పోయేవాడు, కంప్యూటర్ నడుస్తూనే ఉండేది. పన్నెండో రోజు అమావాస్య. ఆ నేతగాళ్ళ వీధిలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. కుళ్ళాయప్ప వచ్చి దీపం పెట్టి, మగ్గాలకు సెలవిచ్చి దీన్ని ఒక్కదాన్నీ కష్టపెట్టడం ఎందుకని, షాహీన్ నేర్పినట్టే పద్ధతిగా కంప్యూటర్ ఆపాడు.

చీటీ వచ్చింది. ఏమైనా అభ్యంతరమా?

సరే, అన్నాను. ఆలోచించలేదు కూడా.

మర్నాడు ఖాళీ గళ్ళు చూసి ఆయన ఫోన్ చేస్తే షాహీన్ బస్సెక్కి వచ్చింది. ఈ మాటలు నాకెలా వినబడ్డాయని అడగకండి, ఆత్మకథ చెప్పుకునేవాడికి ఆ మాత్రం వెసులుబాటు ఉంటుంది.

“సేవ్ చేయలేదా తాతా నువ్వు?”

“సేవ్ అంటే ఏంది పాపా? చీర సగం నేసి అట్లే మగ్గం మీద ఇడిసి ఇంటికి పోతాం. పొద్దున వచ్చి చూస్తే ఆడనే ఉంటాది. మగ్గానికి ఉండే బుద్ధి దీనికి ల్యాకపాయనా?”

లేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. షాహీన్ నాకు రాసిన కోడ్ వరుసలన్నీ చదువుతూ పోయి ఆ ‘సరే’ దగ్గర ఆగింది.

“తప్పు నీది కాదు తాతా, నాది. లారీల కాటాకు రాసింది తెచ్చి ఈడ పెట్టినా. చూసుకోల్యా.”

ఆయన రాలిన పట్టుపొడి వైపు చూశాడు. “పోనీలే పాపా. నువ్వు గూడా దీన్ని అమావాస్య నాడే రాసింటావు,” అన్నాడు.

ఆమె నవ్వలేదు. నాకు కొత్తగా అయిదు వరుసలు రాసి వెళ్ళింది. ఇప్పుడు ఆపమంటే ముందు ‘ఆగండి, అభ్యంతరం ఉంది’ అంటాను. అంత పెద్ద విండోసూ నా మాటకు ఆగుతుంది. ఈ గౌరవం ఒక్క రోజు ముందు దొరికుంటే బాగుండేది.

కుళ్ళాయప్ప మళ్ళీ గీశాడు, వేళ్ళకు గుర్తున్నంత వరకు. అంచున రుద్రాక్షలు వచ్చాయి. నడుమ మామిడి పిందెలు వచ్చాయి. కింద హంసల బారు దగ్గర ఆగిపోయాడు. హంస మెడ కుడికి తిప్పాడు, చెరిపాడు. ఎడమకు తిప్పాడు, చెరిపాడు. చీటీలన్నీ నాకే వస్తాయి కాబట్టి తెలుసు, ఒక్క పూటలో పంతొమ్మిది సార్లు. తర్వాత గంటసేపు ఒక్క చీటీ రాలేదు. ఆ మెడ ఎటు తిరిగి ఉందో ఒకప్పుడు నా దగ్గర ఉండేది. ఇప్పుడు నాకూ గుర్తు లేదు. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మూడు వారాలకు పని ముగిసింది. కుళ్ళాయప్ప కొంగు మొత్తం నలభై కాగితాల మీద అచ్చు తీసి ఇంటికి తీసుకుపోవడానికి మూట కట్టుకున్నాడు. నన్ను నమ్మలేదని నాకు కోపం లేదు. నేనైనా నన్ను నమ్మను. కంప్యూటర్ ఆపబోతే నేను అడ్డం పడి ‘దాచమంటారా?’ అని అడిగాను. అప్పుడే షాహీన్ ఫోన్ చేసింది. హంసల సంగతి ఆయన ఆమెకు ముందే చెప్పుకున్నాడు.

“హంసలు ఎటు తిప్పినావు తాతా?”

“ఎదురెదురుగా పెట్టినా పాపా. రెండిట్లో ఒకటన్నా అమ్మదయితాది.”

ఫోన్ పెట్టేసి, దాచమని నొక్కాడు. దాచాను. ఏది వాళ్ళమ్మదో ఇప్పటికీ నాకు తెలియదు.