కోమలి కుడి భుజం

మేడ మీద తడి దుప్పటి పిండుతుంటే కోమలి కుడి భుజం మళ్ళీ జారింది. ఈ ఏడాదిలో నాలుగోసారి. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మి పిట్టగోడకు ఆనుకుంటే, అత్త శకుంతలమ్మ కింద నుంచి తలెత్తి చూసి, "దుప్పటి నేలకు తగలనీబాకమ్మా" అంది. కోమలికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మెట్ల మీద కూలబడి, చెయ్యి మెల్లగా తిప్పుకుని కీలును తనే సర్దుకుంది.

కోమలి చంద్రగిరి బడిలో వ్యాయామ టీచరు. ఎనిమిదేళ్ళుగా జిల్లా కబడ్డీ జట్టు మనిషి. కూతకొచ్చినవాళ్ళ కాలు పట్టి పడేయడంలో ఆమెకు పేరుంది. భుజం మొదట జారింది కూడా ఆ ఆటలోనే. అప్పుడు అత్త వెంటబెట్టుకెళ్ళి ఆకుపసరుతో కట్టు కట్టించింది. విరిగిన ఎముకైతే అతుక్కుంటుంది, జారే కీలు కట్టుకు ఆగుతుందా? చెబితే వినేవాళ్ళెవరు?

చివరికి తిరుపతిలో డాక్టరు స్కాన్ చూసి విడమరిచి చెప్పాడు. కీలు గిన్నె అంచు అరిగిపోయింది. మీదపడి పట్టుకునే ఆటలాడేవాళ్ళకు ఉత్త కుట్లు నిలవకపోవచ్చు, పక్కనున్న ఎముక ముక్క తెచ్చి అంచుకు స్క్రూలతో బిగించాలి. ఆట మానేస్తే మాత్రం వ్యాయామాలతో నెట్టుకు రావచ్చు.

"మళ్ళీ ఆడతారామ్మా?" అని ఆయన కోమలినే అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోగా మొగుడు మునికుమార్ అందుకున్నాడు. "ఇంక యాడ ఆడతాది సార్. ఇంటి పనికి సరిపోతే చాలు."

డాక్టరు తలూపి వ్యాయామాలు రాసిచ్చాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమెకు జ్వరమొచ్చినా, కడుపునొప్పి వచ్చినా డాక్టరుకు చెప్పేది అతనే. ఆమె పక్కన బుద్ధిగా కూర్చునేది. ఇన్నాళ్ళూ దాన్ని ప్రేమనుకున్నందుకు తన మీద తనకే విసుగొచ్చింది.

ఇంటికొచ్చాక అత్త నిమ్మళంగా ఊపిరి పీల్చుకుంది. "ఆపరేషన్ అంటే ఆరు వారాలు చెయ్యి కదపగూడదంట. అన్నినాళ్ళు పనెవురు సేస్తారు?"

సోమవారం కోమలి బడికి సెలవు పెట్టి, ఒక్కతే తిరుపతి బస్సెక్కింది. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పింది.

"వచ్చే నెల పదో తేదీ ఆపరేషన్. అంతా సరిగ్గా మానితే ఆర్నెల్లకు ఆటకు దిగొచ్చంట."

మునికుమార్ టీవీ ఆపేశాడు. "ఆడతావని ఆయనకెవురు చెప్పినారు?"

"నేనే చెప్పినా."

"నన్నొక మాట అడగల్ల గదా?"

"మిమ్మల్ని అడిగేదేముండాది? ఆడేది నేను."