గాలి సోకని గొట్టం

కృత్తిక నాలుగేళ్ల చదువంతా ఒక మూరెడు ప్లాస్టిక్ గొట్టంలో ఉంది. గొట్టం నిండా నల్లటి బురద. అరేబియా సముద్రం అడుగు నుంచి ఓడలో తెచ్చిన ఆ బురదకు గాలి తగిలిందా, నాలుగేళ్లూ గంగలో కలిసినట్టే. మదురైలో కాలేజీ ల్యాబు ఫ్రిజ్ సరిగ్గా ఇప్పుడే చెడిపోవాలా? గత్యంతరం లేక గొట్టాన్ని బస్సులో దిండిగల్ దగ్గరి పల్లెకు తెచ్చి, అవ్వ చెన్నమ్మాళ్ ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి గిన్నె పక్కన పడుకోబెట్టింది.

ఇదేమిటని అవ్వ అడిగింది. చిక్కంతా అక్కడే వచ్చింది. కృత్తిక తమిళంలోనూ ఇంగ్లీషులోనూ చదువుకున్న పిల్ల. తరాల కిందట తమిళదేశం చేరిన ఆ ఇంటి తెలుగు పప్పు వడ్డించమనడానికి సరిపోతుంది గానీ సముద్రశాస్త్రానికి చాలదు. అయినా అవ్వకు అవ్వ మాటలోనే చెప్పాలని పట్టుదల.

"సముద్రంలో చచ్చినవన్నీ అడుక్కు పోతాయవ్వా. అవి కుళ్ళి ఆడుండే గాలినంతా తినేస్తాయి. నీళ్ళలో తిరగతా ఉండేవి వచ్చి, ఊపిరాడని ఆ బురదలో గంధకంతో చిక్కుకుంటాయి. మూడువేల ఏండ్లుగా లోపలే ఉండాయి. గాలి సోకితే విడిపించుకోని బయటికి వచ్చేస్తాయి."

తిరుగుతూ ఉండేవి లోహాలని చెప్పాలి. నీళ్ళలో లేశమాత్రంగా కరిగి ఉండే లోహాలు. ఆ మాట ఆమెకు తెలుగులో తట్టలేదు. ఆ ఇంట్లో గాలి సోకడమంటే దయ్యం పట్టడమని అసలే తట్టలేదు. అవ్వ ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసింది.

మర్నాడు తెల్లవారుతూనే కృత్తిక ల్యాబు సంగతి చూడడానికి మదురై వెళ్లింది. తిరుగు బస్సు ఎక్కిందో లేదో, పక్కింటి భాగ్యం ఫోన్ చేసింది. పూజారి ఆండి డప్పుతో వచ్చాడట, గొట్టాన్ని వాకిట్లో నిలబెట్టారట. దయ్యాన్ని వెళ్లగొట్టాలంటే ముందు మూత తీయాలి కదా! అవ్వకు పదిసార్లు ఫోన్ చేసింది. అవ్వ ఎత్తితేనా? ఊరు చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

వాకిట్లో ఆండి డప్పు ఒళ్లో పెట్టుకుని అలిగి కూర్చున్నాడు. ఎదురుగా గొట్టం. దాని మూతి మీద బిరియాని కుండకు పెట్టినట్టు మైదాపిండి దట్టంగా మెత్తి, పైన మైనం పోసి, పసుపు గుడ్డ చుట్టి, ఇరవైయొక్క చుట్లు దారం కట్టి, వేపమండ గుచ్చి ఉంది.

"మూడి తీసి పేయిని తరమాలంటాడు. నేను వొప్పుకోలే కన్నూ," అంది అవ్వ. "పొద్దున పిండి గిన్నె తగిలి మూడి చీలిపోయె. భాగ్యం మైదా పిసికేదాకా అరచేత్తో మూసి పట్టుకోనున్నా. చెయ్యి తిమ్మిరెక్కి మరత్తుపోయె."

కృత్తిక అవ్వ అరచెయ్యి తిప్పి చూసింది. దయ్యాలున్నాయని నమ్మిన గొట్టాన్ని ఈ ముసలావిడ ఒట్టి చేత్తో మూసింది.

"భయం కాలేదా అవ్వా?"

"అయ్యె. నీది కదా, ఎట్ల విడుస్తా?"

కృత్తికకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆండి మాత్రం తనకు రావలసిన కోడి సంగతి గుర్తుచేశాడు.

బుధవారం ల్యాబులో, గాలి లేని పెట్టెలో గొట్టం విప్పారు. పిండి కిందనుంచి చివరిదాకా బురద నిగనిగలాడే నలుపు. గాలి తగిలితే వచ్చే గోధుమరంగు ఎక్కడా లేదు. లోహాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కృత్తిక వెంటనే అవ్వకు ఫోన్ చేసింది. అవి దయ్యాలు కావని చెప్పబోయి ఊరుకుంది. మళ్లీ తన తెలుగు ఎవరి కొంప ముంచుతుందో!

లోపల ఉండింది ఎవరెవరని అడిగింది అవ్వ.

"మాలిబ్డినం, వనాడియం, యురేనియం."



"మన పక్క పేర్లు కావే," అంది అవ్వ. "అందుకే వేపాకుకు జడిసుండవు. పిండే నిలిపింది."