ఎర్రాకుల ముడి

తెల్లవారగానే మా లైయాపాక్ ఊరి ఆడవాళ్ళు తోటలకు బయలుదేరతారు. నుదుటి మీద నుంచి వీపుకు వేలాడే వల సంచి, అందులో ఒక్కోసారి పసిబిడ్డ, బిడ్డ పక్కనే పందిపిల్ల, చేతిలో తవ్వుకర్ర. తోటలు ఊరికి ఎదురుగానే ఉన్నాయి. మధ్యలో ఉన్నదల్లా విమానం దిగే మైదానం. అడ్డంగా నడిస్తే నలభై అడుగులు వేసేలోగా దాటేయవచ్చు. కాని ఆ రోజుల్లో వాళ్ళు అడ్డంగా నడిచేవారు కాదు. లోయలోకి దిగి, తీగల వంతెన దాటి, మళ్ళీ కొండెక్కి, మైదానాన్ని చుట్టి తోట చేరేవారు. సాయంత్రం రెండు మణుగుల చిలగడదుంపలు మోసుకుని అదే దారిన తిరిగి వచ్చేవారు.

మైదానం గట్టున కూర్చుని పొగ పీలుస్తూ మగవాళ్ళం రోజూ ఇదంతా చూసేవాళ్ళం. చూసి ఏనాడూ ఏమీ అనుకోలేదు. చదువుతున్న మీకు వింతగా తోచవచ్చు. మీరు రోజూ చూస్తూ ఏమీ అనుకోని సంగతి మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది.

ఆ మైదానాన్ని మూడేళ్ళు కష్టపడి మేమే తవ్వుకున్నాం. కొండవాలు చెక్కింది మగవాళ్ళయితే, ఏటి నుంచి కంకర మోసింది ఆడవాళ్ళు. యంత్రాలు ఎక్కడివి? నేల గట్టిపడాలని వరసలు కట్టి, చేతులు పెనవేసుకుని, డప్పు దెబ్బకు గంతులేసి తొక్కాం. ఆడా మగా కలిసే తొక్కాం. తీరా మొదటి విమానం దిగిన రోజున, మైదానం కింది కొసన, దాని ముందు చక్రం బురదలో కూరుకుపోయి వంగింది. అది బాగుపడి ఎగిరిపోవడానికి పదిహేను రోజులు పట్టింది. తప్పు ఎవరిదని మగవాళ్ళం సభ పెట్టాం. విమానం రావడానికి కాసేపటి ముందు తొంబేమే అనే విధవరాలు ఒక పందిని తరుముతూ మైదానానికి అడ్డంగా పరుగెత్తిందని ఎవరో చెప్పారు. ఇక వేరే విచారణ ఎందుకు? ఆడది దాటిన విల్లు గురి తప్పుతుందని, ఆడది దాటిన తిండి మగవాడికి అరగదని మా తాతలనాటి నమ్మకం. చక్రం మాత్రం ఎందుకు నిలుస్తుంది అనుకున్నాం. మా ఊరి పెద్ద కిపోలి స్వయంగా లేచి, దాటే చోట రెండు గుంజలు పాతి, ఎర్రాకులు ముడివేసి కట్టాడు. ఆ ముడి దాటి ఆడవాళ్ళు అడుగు పెట్టకూడదు. తొంబేమే స్వయానా కిపోలికి అక్క. ఆమె తరిమిన పంది కూడా కిపోలిదే. ఈ రెండు సంగతులూ ఆ సభలో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఆ ఏడు వానల్లో ఒక ఉదయం, మందుల గుడిసె చూసుకునే మాథియాస్ పరుగెత్తుకుంటూ కిపోలి ఇంటికి వచ్చాడు. కిపోలి కూతురు వనాలేను మా ఊళ్ళోనే పై కొసన ఉన్న వంశం వాళ్ళకు ఇచ్చారు. ఆమెకు తొలి కాన్పు. అంతకు ముందురోజు సాయంత్రం కూడా దుంపల సంచి వీపున వేసుకుని మైదానం చుట్టి వచ్చి, వంతెన దగ్గర కూలబడిందట.

"పెద్దయ్యా, బిడ్డ అడ్డం తిరిగింది. చెయ్యి బయటికొచ్చేసింది. ఇంక నా వల్ల కాదు. పట్నం ఆసుపత్రిలో కోసి తీయాల్సిందే" అన్నాడు మాథియాస్.

"మోసుకుపోదాం. పట్టెమంచం కట్టించు."

"నాలుగు రోజుల నడక పెద్దయ్యా. వనాలే ఈ సాయంత్రం దాకా ఉంటే గొప్ప."

మందుల గుడిసెలో రేడియో గరగరలాడింది. పట్నం నుంచి విమానం నడిపేవాడు మాట్లాడాడు. పదింటికి మబ్బు విడుస్తుంది, వస్తాను, పన్నెండు కాకుండానే మళ్ళీ మూసుకుంటుంది, నేల ఎలా ఉంది అని అడిగాడు.

"మూడు రోజులుగా వాన" అన్నాడు మాథియాస్.

"మీ అందరిలోకీ బరువైన మనిషిని మడమల మీద ఎగిరి దూకమను. మడమ దిగబడితే నేను దిగను. అబద్ధం మాత్రం చెప్పొద్దు. చక్రం కూరుకుందంటే నేనూ పోతాను, మీ పిల్లా పోతుంది."

అప్పటికి ఆరున్నర అయింది. ఊళ్ళో కుర్రకారంతా, వనాలే మొగుడితో సహా, వంశాలు పందులు ఇచ్చిపుచ్చుకునే పండుగకు, అదే పందుల పంపకానికి, పక్క లోయకు వెళ్ళారు. మగవాళ్ళలో మిగిలింది పదహారు మందిమి. ముసలివాళ్ళం, కుంటివాళ్ళం, దగ్గువాళ్ళం. ఈ కథ చెబుతున్న నాకు ఎడమకాలు సరిగా ఆనదు. అయినా అందరం మైదానానికి పరుగెత్తాం. పై కొసన వరస కట్టి తొక్కడం మొదలుపెట్టాం. మైదానం పొడవు ఆరు వందల అంగల పైచిలుకు. గంటసేపు తొక్కి వెనక్కి తిరిగి చూసుకుంటే పట్టుమని యాభై అంగలు గట్టిపడలేదు. దగ్గుతో ఇద్దరు కూలబడ్డారు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

ఎర్రాకుల ముడి అవతల ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. తొంబై మంది ఉంటారు. తోటలకు వెళ్ళలేదు. వల సంచులు నుదుటికి తగిలించుకుని మా కాళ్ళవైపే చూస్తున్నారు. వాళ్ళ ముందు తొంబేమే ఉంది.

"ఏరా తమ్ముడూ, అలా మెల్లిగా నిమురుతున్నారేంటి? నేలకేమైనా నొప్పి పుడుతుందా?" అంది.

"అక్కా, ఇది వేళాకోళానికి వేళ కాదు" అన్నాడు కిపోలి.

"వేళాకోళం కాదురా. మేం తొంబై మందిమి ఉన్నాం. లోపలికి రమ్మను, గంటలో రాయి చేసి పెడతాం."

మాలో పెద్దవాడు లియోపాకి దగ్గు ఆపుకుంటూ లేచాడు. "ఒక్కసారి దాటినందుకే చక్రం వంగింది. ఇప్పుడు తొంబై మంది దాటితే విమానం ముక్కలైపోతుంది. ఆ పిల్లా దక్కదు, ఇంకెప్పుడూ విమానమూ రాదు. కిపోలీ, ఆలోచించుకో."

కిపోలి ముఖం చూడలేకపోయాను. అతను దుర్మార్గుడని మీరు అనుకోకండి. అతనికి నిజంగానే భయం. ముడి విప్పితే కూతురు ఎక్కిన విమానం కూలుతుందని భయం. విప్పకపోతే విమానమే రాదని భయం. కూతురి కేక ఊరి పై కొస నుంచి మరోసారి వినిపించింది.

"నువ్వు నాలుగేళ్ళ కిందట ఒక్క మాట అడిగావు. ఎవరి కాలు దాటింది అని" అంది తొంబేమే. ఆమె గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "ఇంకో మాట అడగలేదు. చక్రం దిగబడిన చోట నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి అని. కింది కొసన కాలువ తవ్వాల్సింది మీరు. సగం తవ్వి పందుల పంపకానికి పోయారు. నేను కంకర పోస్తూనే చెప్పాను, నీళ్ళు నిలుస్తున్నాయిరా అని. పోయి చూసుకో. ఆ కాలువ ఇవాళ్టికీ సగమే ఉంది."

కిపోలి కింది కొసకు నడిచాడు. అతని వెంట కుంటుకుంటూ నేనూ వెళ్ళాను. చక్రం వంగిన చోట మోకాటి లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. గట్టు పక్కన సగం తవ్వి వదిలేసిన కాలువలో గడ్డి మొలిచింది. పై నుంచి జారిన నీరంతా అక్కడికి వచ్చి, బయటికి దారిలేక నేలను నానబెడుతోంది. నాలుగేళ్ళుగా వాన పడ్డప్పుడల్లా ఆ కొసను పాడుచేసింది ఆ నీళ్ళే; నేల ఆరిన రోజుల్లోనే విమానం దిగేది. మా కళ్ళ ముందే ఉంది. మేం చూసిందల్లా గుంజలకు కట్టిన ఎర్రాకులనే.

కిపోలి వెనక్కి పరుగెత్తాడు. అంత లావు మనిషి అలా పరుగెత్తడం ఊళ్ళో ఎవరమూ చూసి ఎరగం. ముడి కట్టిన గుంజను రెండు చేతులా పట్టుకుని పెరికి పారేశాడు. రెండోదీ పెరికాడు.

"అక్కా, రండి. మేం పోయి కాలువ తవ్వుతాం" అన్నాడు.

"అలా రా దారికి" అంది తొంబేమే.

తొంబై మంది ఒక్కసారిగా లోపలికి వచ్చారు. సగం మంది ఏటికి దిగి వల సంచుల నిండా కంకర తెచ్చి పోశారు. మిగిలినవాళ్ళు ఇరవై మందేసి వరస కట్టి, చేతులు పెనవేసుకుని, దిమ్మిస కొట్టినట్టు గంతులేశారు. లియోపాకి ముసలాయన కాసేపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. తరువాత ఎవరికీ చెప్పకుండా డప్పు తెచ్చి వాయించడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు పాటెత్తుకున్నారు. అప్పటికప్పుడు కట్టిన పాట.

"పంది పారిపోయింది, మగవాళ్ళు పొగ పీల్చారు.
తరిమిన కాలు ఇదిగో, ఇదిగో, ఇదిగో."

ప్రతి 'ఇదిగో'కీ నేల దద్దరిల్లింది. కింది కొసన మేం నడుముల్లోతు బురదలో నిలబడి తవ్వుతున్నాం. నా కుంటికాలి సంగతి నాకే గుర్తులేదు. తొమ్మిదిన్నరకు కాలువకు చివరి అడ్డు తెగింది. నిలిచిన నీళ్ళు గలగలమని లోయలోకి దూకాయి. నా జీవితంలో అంత హాయైన చప్పుడు వినలేదు. నీళ్ళు పోయిన గుంటలో ఆడవాళ్ళు కంకర కుమ్మరించి, వరస తరువాత వరసగా దాని మీద గంతులేశారు.

పదీ పదికి కొండల వెనుక నుంచి మోత వినిపించింది. మాథియాస్ మైదానం పక్కకు తెచ్చి పెట్టుకున్న రేడియోలో ఒకటే ప్రశ్న వచ్చింది. "మడమ సంగతి చెప్పు."

ఊళ్ళో అందరికంటే బరువైన మనిషి కిపోలియే. పై కొసన ఎగిరి దూకాడు. దిగబడలేదు. మధ్యలో దూకాడు. దిగబడలేదు. చివరగా చక్రం వంగిన చోటికి వచ్చి నిలబడ్డాడు. డప్పు ఆగిపోయింది. కిపోలి కళ్ళు మూసుకుని, శక్తికొద్దీ ఎగిరి రెండు మడమల మీదా పడ్డాడు. లేచి, తన పాదాల కిందికి వంగి చూసుకున్నాడు. మడమ అచ్చు వేలి మందం కూడా లేదు.

"గట్టిగా ఉందని చెప్పు మాథియాస్. నా కూతురి మీద ఒట్టు, గట్టిగా ఉంది."

విమానం లోయలోంచి పైకి లేచి, కింది కొసన నేల తాకి, బురద చిందించకుండా పైదాకా పాకి ఆగింది. పదహారు మందిమీ ముందు చక్రం కేసే చూశాం. నిటారుగా ఉంది. వనాలేను పట్టెమంచం మీద మైదానానికి అడ్డంగానే మోసుకొచ్చారు. ఒక మూల కిపోలి పట్టాడు, మిగతా మూడు ఆడవాళ్ళు పట్టారు. తోడుగా ఒక్కరికే చోటుంది అన్నాడు విమానం నడిపేవాడు.

"తొంబేమే అత్త రావాలి" అంది వనాలే. అంత నొప్పిలోనూ ఆ మాట స్పష్టంగా చెప్పింది.

"నువ్వెక్కు అక్కా" అన్నాడు కిపోలి.

మబ్బు మూసుకునేలోగా విమానం ఎగిరిపోయింది. మధ్యాహ్నం దాకా రేడియో చుట్టూ ఊరంతా కూర్చుంది. ఎవరూ దుంప ముక్క కూడా నోట పెట్టలేదు. మూడింటికి గరగరల మధ్య తొంబేమే గొంతు వినిపించింది. రేడియోలో మాట్లాడడం ఆమెకు అదే మొదటిసారి, ఊరంతా అదిరేలా అరిచింది. "ఒరే తమ్ముడూ, తల్లి బతికింది. పిల్ల కూడా బతికింది. ఆడపిల్లరా, గొంతు నాదే." కిపోలి నేల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మేమంతా కూడా ఏడ్చాం, దాచుకోవడం ఎందుకు?

పదోరోజున విమానం తల్లీబిడ్డలను తిరిగి తీసుకొచ్చింది. అప్పటికి కుర్రకారు పందుల పంపకం నుంచి వచ్చేశారు. వనాలే మొగుడు ఒక్కడే సంతోషంగా ఉన్నాడు. తక్కినవాళ్ళు గుంజలు లేని గుంటలు చూసి గొణుగుతున్నారు. ఏదో ఒకసారికి అదృష్టం కలిసొచ్చింది, ప్రతిసారీ వస్తుందా, మళ్ళీ ముడి కట్టాల్సిందే అని ఒకడు గట్టిగానే అన్నాడు. వాడి చేతిలో తాజా ఎర్రాకులు కూడా ఉన్నాయి.

కిపోలి విమానం దగ్గరికి నడిచాడు. విమానం దిగుతున్న తొంబేమే చేతుల్లోంచి మనవరాలిని అందుకున్నాడు. వల సంచిలోంచి ఆ బిడ్డ కాలు బయటికి తీశాడు. బొటనవేలంత పాదం. వంగి, ఆ పాదాన్ని మైదానం నేలకు ఆనించాడు. బిడ్డ కెవ్వుమంది. తొంబేమే నవ్వింది.

"అందరూ చూశారుగా" అన్నాడు కిపోలి కుర్రకారుతో. "ముడి కట్టినవాణ్ణి నేనే, కాబట్టి నేనే చెబుతాను వినండి. మనం తవ్వని కాలువ తప్పును తీసుకుపోయి మా అక్క కాలికి చుట్టాం. దాంతో నాలుగేళ్ళు మన ఆడవాళ్ళు లోయలు దిగారు, నా కూతురు చావుదాకా వెళ్ళింది, కాలువ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆడదాని అడుగు దేన్నీ చెరపదు. చేయాల్సిన పని చేయక, ఆ నేరం ఆడదాని మీద వేసి కూర్చునే మగవాడి బద్ధకమే ఊరిని చెరుపుతుంది. ఆ ఆకులు పారేసి పార పట్టుకో. కాలువలో మళ్ళీ గడ్డి మొలుస్తోంది."