పంతొమ్మిదో మీటరు

కొట్టు తెరిచిన రోజు నా చేతిలో ఉన్నవి నాన్న కత్తెర, ఒక మీటరు కర్ర. ఇరవై ఏళ్ళలో వాటికి ఒక పేరు తోడైంది: 'కొలత తప్పని చెయ్యి'. అరువు తెచ్చుకుంటే వచ్చే పేరు కాదది.

రెండేళ్ళ క్రితం ఫోనులో గుడ్డల వీడియోలు పెట్టడం మొదలుపెట్టాను. కొట్లో గోడకు నీలం గుడ్డ తెరలా వేలాడదీసి, దాని ముందు నిలబడి ఏ గుడ్డ ఉతికితే ముడుచుకుంటుందో, ఏది రంగు పోతుందో చెప్పేవాణ్ణి. పదకొండు వేలమంది చేరారు. నన్ను 'నీలం తెర బాబాయ్' అన్నారు. బేరమూ పెరిగింది, అబద్ధమెందుకు? కానీ ఫోను కుయ్యిమంటే చాలు, నా చూపు అటే.

ఒకరోజు దర్జీ అక్క వచ్చింది. బడిలో పాటలు పాడే పిల్లలకు పన్నెండు పొడుగు చేతుల చొక్కాలు కుట్టాలట, అదే నీలం గుడ్డ, ఇరవై ఏడు మీటర్లు. కొలుస్తూ పద్దెనిమిది దగ్గర ఉండగా ఫోను మోగింది. ఎవరో ఏదో అడిగారు, జవాబిచ్చాను. మళ్ళీ కర్ర అందుకుని "ఇరవై" అన్నాను.

నాలుగు రోజులకు అక్క వచ్చి, బల్ల మీద చేతుల్లేని చొక్కా పరిచింది.

"ఏం తమ్ముడూ, ఈ పిల్లాడు చేతులు ఇంట్లో పెట్టి పాడాలా?"

కొలిచి చూశాను. మీటరు తక్కువ.

"నీ కొట్లో కొన్న గుడ్డ నేనెప్పుడూ మళ్ళీ కొలవలేదు. ఇకనుంచి కొలుచుకోమంటావా?"

తిట్టినా బాగుండేది. పిల్లల పాట మర్నాడు సాయంత్రమే. ఆ తాను అయిపోయింది. కొత్తగా వచ్చిన తాను నీలమే గాని, పక్కన పెడితే వేరే ఇంటి బిడ్డలా ఉంది. ఆ తానులోది ఇక మిగిలింది ఒక్క చోటే, నా వెనక గోడ మీద.

తెర దించాను. పైభాగం వెలుతురుకు వెలిసిపోయింది. నేల దగ్గర లోపలికి మడిచిన మీటరున్నర మాత్రం కొత్తదానిలాగే ఉంది.

"ఏమండీ, అది మీ పేరు కదా!" అంది మా ఆవిడ.

"నా పేరు కత్తెరది. తెరది కాదు" అని కత్తిరించాను.

ఆ రోజే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. బల్ల కింద కత్తెర సొరుగు ఇరుకు, అందులో ఒక్క వస్తువే పడుతుంది. కత్తెర బయట ఉంటే ఫోను లోపల. ఫోను బయటికి రావాలంటే కత్తెర లోపలికి పోవాలి. మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉండే అరగంట వీడియోలకు. ఫోను మానలేదు, మానను కూడా. పనికొచ్చే పనివాణ్ణి ఎవరు పంపేస్తారు? కాకపోతే వాడు గల్లాపెట్టె దగ్గర కూర్చోకూడదు.

మా ఆవిడ ఊరుకుంటుందా? ఆ రాత్రి భోజనాల దగ్గర నా కంచం పక్కన కూరలు కోసే కత్తెర పెట్టింది.

"ఇదేమిటి?"

"కత్తెర బయట ఉందిగా. ఫోను లోపల పెట్టండి."

పెట్టాను. ఆ కత్తెర ఇప్పటికీ అక్కడే ఉంది.

"తెర ఏది బాబాయ్?" అని అందరూ అడిగితే, జరిగింది జరిగినట్టు వీడియోలో చెప్పాను. నాలుగు వందలమంది వెళ్ళిపోయారు. పోనీ, గుడ్డ ఉతికితే కాస్త ముడుచుకోవడం సహజమే.

నెల తిరక్కుండా దర్జీ అక్క మళ్ళీ వచ్చింది. ముప్ఫై మీటర్లు కోసి, కర్ర ఆమె ముందు పెట్టి, "కొలుచుకో అక్కా" అన్నాను.

ఆమె కర్ర వంక చూడలేదు. మూసి ఉన్న సొరుగు వంక చూసింది. గుడ్డ మడిచి సంచిలో వేసుకుని, "ఎందుకూ?" అని వెళ్ళిపోయింది.

పోయినవి ఒక తెర, నాలుగు వందలమంది. తిరిగి దక్కింది ఆ ఒక్క 'ఎందుకూ'. ఇంతకంటే లాభసాటి బేరం ఇరవై ఏళ్ళలో నేను చెయ్యలేదు.